భారతమ్మ చేపలకు సంబంధాలు చూసింది

పెనుబల్లిలో భారతమ్మ నోరు ఎరగనివాళ్ళు లేరు. మెచ్చుకుంటే ఊరంతా వినపడేది, తిడితే పక్క ఊరికి కూడా వినపడేది. ఆవిడ అన్న చెంచురామయ్య దీనికి పూర్తిగా విరుద్ధం. మాట తక్కువ, సరదా ఎక్కువ. కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్నవాళ్ళంతా మిర్చి, పొగాకు అంటూ పొద్దు పుచ్చుతుంటే, ఈయన పెరట్లో సిమెంటు కుంట కట్టించి బెజవాడ నుంచి చేపలు తెచ్చి వదిలాడు. తినే చేపలు కావండీ, చూసే చేపలు! బంగారు రంగువి కొన్ని, ఎరుపూ తెలుపూ కలిసినవి కొన్ని, తోక పమిటలాగా జారుతూ పోయేవి ఇంకొన్ని. సాయంత్రం పూట అన్నాచెల్లెళ్ళిద్దరూ గట్టు మీద కూర్చునేవాళ్ళు. ఆయన చిటికెడు మేత చల్లేవాడు, ఈవిడ ఊరి సంగతులన్నీ చల్లేది.

ఎనభై నాలుగు వానాకాలంలో చెంచురామయ్య పోయాడు. కర్మకాండలయ్యాక పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి పంపకాలు పెట్టుకున్నారు. ఆడపడుచుకు పసుపు కుంకుమల కింద ఏదో ఒకటి ఇవ్వడం ఆనవాయితీ. పెద్ద కొడుకు వెంకటరామారావు మర్యాదగానే అడిగాడు.

"అత్తా, నీకేం కావాల్నో చెప్పు. నాన్న బీరువానా, పందిరి మంచమా?"

"చేపలు."

"చేపలు ఏందత్తా!"

"మీ నాన్న చేతి మేత తిన్నయిరా అవి. మీ చేతుల్లో పెడితే ఆదివారం కల్లా పులుసైతయి."

పెద్దమనుషులు కండువాల చాటున నవ్వుకున్నారు. వెంకటరామారావు మాత్రం నవ్వలేదు. ఆ పెరట్లో రైసుమిల్లు పెట్టాలని ఎప్పుడో అనుకున్నాడు. "సరే అత్తా, చేపలు నీయి. పుష్యమాసం వస్తే ఏ పనీ మొదలుపెట్టరాదు గనక మార్గశిరంలోనే కుంట పూడ్చి మిషన్లు దించుతాం. ఆలోపు తీసుకపో" అన్నాడు.

తీసుకుపోవడం ఎక్కడికి? భారతమ్మ, ఆవిడ భర్త పిచ్చయ్య ఉండేది ఆ వీధి చివర రెండు గదుల పెంకుటింట్లో. వాకిట్లో ఉన్నది ఒక్కటే నీళ్ళ గోళెం.

"నేను స్నానం చేసే గోళెం అదొక్కటే" అన్నాడు పిచ్చయ్య. "దాంట్లో వాటినన్నా ఉంచు, నన్నన్నా ఉంచు."

"మిమ్మల్ని ఎవరికిచ్చినా తీసుకోరు. వాటికే సంబంధాలు చూస్తా" అందావిడ.

చూస్తానంది, చూసింది కూడా! ఇద్దరూ మగపిల్లలే పుట్టారు భారతమ్మకు. సంబంధాలు వెతకడం, అవతలివాళ్ళ ఇల్లూ వాకిలీ ఆరా తీయడం, పిల్లను అప్పగించడం ఇవేవీ ఆవిడ జాతకంలో లేకుండా పోయాయి. ఆ లోటంతా ఇప్పుడు తీర్చుకుంది. చేపలు కావాలన్నవాడి ఇంటికి తనే వెళ్ళి నీళ్ళు చూసి రావాలని పట్టుబట్టింది.

మొదట సత్తుపల్లిలో ఒక హోటలాయన అడిగాడు. వెళ్ళి చూస్తే అద్దాల తొట్టి బాగానే ఉంది కానీ, దాని పక్కనే బజ్జీల బాణలి సలసలా కాగుతోంది. భారతమ్మ అద్దం మీద అరచెయ్యి ఆనించింది.

"ఏమయ్యా, ఇది తొట్టా, రెండో పొయ్యా?"

"ఏం కాదమ్మా. పోయినయి పోతయి, మళ్ళ తెచ్చుకుంటం."

"బజ్జీ మాడితే మళ్ళీ వేసుకో. నా పిల్లలు మాడితే నీ మొహం చూసి పుడతయా?"

ఇంకొకాయన కూతురి పెళ్ళి పందిట్లో పెడతానన్నాడు. పెళ్ళయ్యాక ఏం చేస్తావంటే తల గోక్కున్నాడు. ఆ సంబంధమూ తప్పిపోయింది. ఇలా ఒక్కొక్కరినీ కాదంటూ ఉండగానే మార్గశిరం వచ్చి కూర్చుంది. కుంట పక్కన ఇటుకలు దిగాయి. మట్టి బండి ఇవాళో రేపో అన్నట్టుంది. భారతమ్మ మేత చల్లుతూ రోజుకు రెండుసార్లు చేపల్ని లెక్కపెట్టుకునేది.

అప్పుడు నోరు విప్పింది గోరి. భద్రాచలం దారిలో అడవి అంచున ఉన్న లంబాడా తండా ఆమెది. వారానికోసారి విస్తళ్ళు కుట్టుకునే అడ్డాకుల కట్టలు నెత్తిన పెట్టుకుని బస్సులో వచ్చేది. వచ్చినప్పుడల్లా కుంట దగ్గర కాసేపు నిలబడకుండా పోయేది కాదు.

"మా తండాకాడ ఊట ఉన్నదమ్మా. దాని కింద రాతి తొట్టి కట్టిండ్రు. ఎండకాలం గూడ నీళ్ళు తగ్గవు, పైన చెట్టు నీడ. మాకియ్యి."

"మీరు తింటరే!" అనేసింది భారతమ్మ.

గోరి ఆకుల కట్ట కిందికి దించింది. "తింటం. వాగుల దొరికిన చేప తింటం. గట్లని అడిగి తెచ్చుకున్నదాన్ని తింటమా? మీ ఇంట్ల కోడికూర వండుతరు గద, మరి రామచిలక కూర ఎన్నడన్న వండిన్రా?"

అరుగు మీద పిచ్చయ్య తాగుతున్న కాఫీ పొలమారింది.

"మరి నీకెందుకే అవి?"

"సక్కగున్నయి. సక్కటియన్ని మీకేనా?"

"అదీ నిజమేనే" అంది భారతమ్మ! పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ నోట ఈ మాట వినడం తనకు ఇదే మొదలని పిచ్చయ్య తరువాత అందరికీ చెప్పుకున్నాడు. కానీ ఆవిడ అంత తేలిగ్గా లొంగుతుందా? "వస్తా, చూస్తా. నచ్చకపోతే వెనక్కి తెచ్చుకుంటా" అంది. గోరి నమ్మకంగా తల ఊపింది కానీ, భారతమ్మ నమ్మకం మాత్రం సగమే.

ప్రయాణం రోజు చూడాలి ఆ హడావుడి! రెండు పాలక్యాన్లు తోమి, కుంట నీళ్ళు నింపి, చేపల్ని వలగుడ్డతో పట్టి వదిలారు. అంతవరకు బాగానే ఉంది. అక్కడితో ఆగితే భారతమ్మ ఎందుకవుతుంది? కృష్ణా వైపు వాళ్ళు పిల్లను పంపేటప్పుడు చలిమిడి పెడతారు. ఈ ప్రాంతం వాళ్ళు ఒడిబియ్యం పోస్తారు. ఆవిడ రెండు మర్యాదలూ చేసింది. ఒక్కో క్యానులో పసుపు కలిపిన బియ్యం ఐదు దోసిళ్ళు, పైన బెల్లం చలిమిడి ముద్ద ఒకటి! అన్న బతికుండగా నాలుగు మరమరాలు ఎక్కువ పడితేనే నీళ్ళు చెడతాయని కోప్పడేవాడు. ఆ పూట ఆ సంగతి ఆవిడ బుర్రలో ఎక్కడుంది? కళ్ళు తుడుచుకుంటూ క్యాన్లకు తడిగుడ్డ కట్టింది.

గోరితో కలిసి ముగ్గురూ భద్రాచలం బస్సెక్కారు. కండక్టరు పగిడయ్య క్యాన్లు చూసి మొహం చిట్లించాడు.

"చేపలా? వాసనొస్తదమ్మా, పైకెక్కియ్యండి."

"నీ కాకీ చొక్కా వాసనకంటేనా? ఆడపిల్లలు నాయనా, అత్తారింటికి పోతున్నయి. పక్కకు జరుగు."

బస్సంతా గొల్లుమంది. పగిడయ్య జరిగాడు.

అడవి మొదలయ్యాక గోరి ఒక క్యాను గుడ్డ పైకెత్తి చూసి గుండెలు బాదుకుంది. నీళ్ళు గంజిలా చిక్కబడి, పచ్చగా తిరిగిపోయాయి. చేపలన్నీ పైకి తేలి నోళ్ళు తెరిచి ఆయాసపడుతున్నాయి. రెండు పక్కకు ఒరిగిపోయాయి.

"ఏమేసినవమ్మా దీంట్ల?"

"ఒడిబియ్యం పోశానే..." భారతమ్మ గొంతు ఎప్పుడూ లేనంత సన్నగా వచ్చింది.

"ఒడిబియ్యం పిల్ల ఒళ్ళె పోస్తరమ్మా! ముక్కులల్ల పోస్తరా!"

ఎదురుగా వాగు వంతెన కనపడింది. పిచ్చయ్య లేచి అరిచాడు, పగిడయ్య విజిల్ వేశాడు, డ్రైవరు పుణ్యాత్ముడు బస్సు ఆపాడు. గోరి ఒక క్యానూ పిచ్చయ్య ఒక క్యానూ పట్టుకుని వాగులోకి దిగారు. మురికి నీళ్ళు వంచేస్తూ, టిఫిను గిన్నెలతో, చెంబులతో, దొరికినదానితో ప్రయాణికులు కొత్త నీళ్ళు అందించారు. ఒరిగిన చేపను గోరి దోసిట్లో పట్టుకుని పారే నీటిలో మెల్లగా ముందుకూ వెనక్కూ ఆడించింది. దాని మొప్పలు కదిలాయి, తోక కదిలింది, జారిపోయేలోపే గోరి దాన్ని క్యానులో వదిలింది. రెండోది కదల్లేదు. అన్నిటికంటే పెద్దది, బంగారు రంగుది.

"అది గట్లనే పట్టుకపో, పొద్దుగూకేవరకు పులుసైతది" అన్నాడు గట్టు మీద నుంచి ఒకాయన.

గోరి తలెత్తి చూసిన చూపుకు ఆయన బస్సెక్కి కూర్చున్నాడు. ఆమె ఒడ్డున రాయితో ఇసుక తవ్వి, చేపను కొంగు చివరతో తుడిచి, అందులో పెట్టి కప్పింది. పైన ఒక మోదుగాకు వేసి రాయి పెట్టింది. ఎవరూ చెయ్యమనలేదు. ఎవరికోసమూ చెయ్యలేదు.

భారతమ్మ చూస్తూ నిలబడింది. తర్వాత వాగులోకి దిగి, క్యాను ఒక చెవి తను పట్టుకుంది.

"రెండో చెవి పట్టుకోవే. జల్దీ పోదాం, నీ పిల్లలు అలసిపోతయి."

నీ పిల్లలు! పిచ్చయ్య విన్నాడు. తన క్యాను భుజానికెత్తుకున్నాడు.

తండాలో రాతి తొట్టి గోరి చెప్పినట్టే ఉంది. చల్లటి నీళ్ళు, పైన నీడ. ఆడవాళ్ళంతా చుట్టూ చేరారు. చేపలు జారి అడుగుకు పోయి కనపడలేదు. చాలాసేపటికి ఒక ఎర్రది పైకి వచ్చి ఎండ పడ్డచోట తిరిగింది. దాని వెనకే మిగతావన్నీ. తండా అంతా ఒక్కసారిగా "ఓ" అన్నారు. భారతమ్మ అందరికంటే గట్టిగా అంది. ఆ మధ్యాహ్నం గోరి ఇంట్లో జొన్నరొట్టె, పచ్చిమిరప కారం తిని, "మా వియ్యపురాలి చెయ్యి మంచిది" అని తండా మొత్తానికి చెప్పి వచ్చింది.

మర్నాడు మట్టి బండ్లు వచ్చాయి. కుంట పూడుతుంటే ఆవిడ గట్టున నిలబడి కూలీలకు మజ్జిగ పోసింది.

రెండేళ్ళకు ఆ తొట్టి నిండా పిల్లలు. భద్రాచలం పోయే బస్సులు తండా దగ్గర ఆగితే జనం దిగి చూసి వచ్చేవాళ్ళు. సత్తుపల్లి నుంచి ఒక లెక్చరరు గారు పెనుబల్లి వచ్చి భారతమ్మ వాకిట్లో కూర్చున్నాడు. ఇంటి ముందు మంచి తొట్టి కట్టించాడట, నాలుగు జతలు ఇప్పించమన్నాడు.

"నన్నడుగుతావేంది నాయనా?" అంది భారతమ్మ, మెడ కాస్త నిక్కించి. "అవి గోరివి. తండాకు పోయి అడుగు. వచ్చి నీ నీళ్ళు చూస్తది. నిన్ను గూడ చూస్తది. ఆమెకు నచ్చితే ఇస్తది."