కౌంటర్ దగ్గర చెప్పాల్సిన మాట

మా వైపు కాగితాల మీద ఇంటిపేర్లు ఉండవు. రాజపాళయంలో ఎన్ని తరాలుగా తెలుగు మాట్లాడుతున్నా, తమిళనాట అందరికీ ఉన్నట్టే మాకూ పేరుకు ముందు తండ్రి పేరులోని మొదటి అక్షరం ఒక్కటే ఉంటుంది. ఇనీషియల్ అంటాం. మా అమ్మాయికి నాలుగేళ్లప్పుడు నేను ఆమె తల్లిని పెళ్లి చేసుకున్నాను. ఆ జూన్‌లో బళ్లో చేర్చడానికి సైకిల్ మీద నేనే తీసుకెళ్లాను. ఇనీషియల్ ఏం వేయమంటారని హెడ్మాస్టరు అడిగితే, మరో ఆలోచన లేకుండా నాది చెప్పాను. ఆయన రాసేసుకున్నాడు. ఇంటికొచ్చి చెబితే నా భార్య కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నేనేమో ఆస్తి రాసిచ్చినవాడిలా ఆ రోజంతా రొమ్ము విరుచుకుని తిరిగాను.

అది ఎంత పెద్ద పొరపాటో పదహారేళ్లకు గానీ తెలిసిరాలేదు.

అమెరికాలో నర్సుగా ఉన్న మా అక్క, తమ్ముడి కుటుంబాన్ని రప్పించుకుంటానని ఎప్పుడో దరఖాస్తు పెట్టింది. ఆ వరస ఎంత పొడుగంటే మేం దాన్ని మరిచేపోయాం. నేను ఆస్పత్రులకు సర్జికల్ బట్ట నేసే షెడ్డులో మగ్గాలు బాగుచేస్తూ, నా భార్య అదే షెడ్డులో గాయాలకు కట్టే గుడ్డలు చుట్టలు చుడుతూ ఉండగానే పిల్ల బీకాం చివరి ఏడాదికి వచ్చింది. అప్పుడు అక్క ఫోన్ చేసింది, మన వంతు వచ్చిందని. పిల్ల ఆ రోజు నుంచే అత్తలాగా నర్సు చదువు చదవాలని అక్కడి కాలేజీల పేర్లు నోట్‌బుక్కులో రాసుకోవడం మొదలుపెట్టింది.

అక్క పెట్టిన వకీలు ఫోన్‌లో ఒకటే మాట చెప్పాడు. పిల్లకు ఇరవై ఒకటి నిండేలోపు అంతా ముగించుకోవాలి. నిండితే ఆమె బిడ్డ లెక్కలోంచి జారిపోవచ్చు. ఆమె పుట్టింది తమిళ లెక్కన ఆవణి నెలలో, అంటే ఆగస్టు చివర్లో. చేతిలో ఐదు నెలలే ఉన్నాయి. తల్లి పిల్లను వదిలి రాదు, వాళ్లిద్దరినీ వదిలి నేను కదలను.

వారం తిరక్కుండానే వకీలు మళ్లీ పిలిచాడు. పుట్టిన సర్టిఫికెట్‌లో ఒక తండ్రి, బడి సర్టిఫికెట్‌లో ఇంకో తండ్రి ఉన్నారట. ఫారంలో నేను కూతురు అని రాసేశాను. అలా కుదరదట. స్టెప్ డాటర్ అని రాయాలట, మొదటి భర్త చనిపోయిన సర్టిఫికెట్ జత చేయాలట. నాకు ఒళ్లు మండిపోయింది. పదహారేళ్లు పెంచినవాణ్ణి పట్టుకుని నువ్వెవరని అడుగుతావా అని ఫోన్‌లోనే అరిచాను.

నా భార్య ఫోన్ లాక్కుని పెట్టేసింది. "ఆయప్ప మీద ఎందుకు ఎగురుతారు? కాగితం అడిగినాడు, ఇచ్చేస్తే సరి" అంది.

ఆ కాగితం చోళపురంలో ఉంది, పిల్ల అవ్వ దగ్గర, అంటే కన్నతండ్రి తల్లి దగ్గర. తల్లీబిడ్డలు ఏటా వెళ్లి ఆమెను చూసి వస్తారు. నేను మాత్రం బండి మీద ఊరి మొగదలదాకా దింపి, టీకొట్టు దగ్గరే కూర్చునేవాణ్ణి. ఆ ముసలామె కొడుకు అక్షరం తీసేసి నాది పెట్టినవాణ్ణి. ఏ మొహం పెట్టుకుని ఆ గడప తొక్కాలి? ఈసారి మాత్రం తప్పలేదు. అడగాల్సింది నేనే కదా.

ఆమె నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. చాప వేసింది, మజ్జిగ ఇచ్చింది. ప్లాస్టిక్ కవరులో మడతపెట్టి ఉన్న కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. తర్వాత నా ఎదురుగా కూర్చుంది.

"నా కొడుకు ఎళుత్తు తీసేసినారని నాకు శానా దినాలు కోపముండె. ఉన్నది ఉన్నట్టే చెప్తాను."

ఎళుత్తు అంటే అక్షరమే. నేను తల దించుకున్నాను.

"ఈ పిల్ల ఇక్కడికి వచ్చినప్పుడంతా మా నాయన అట్ల చేసినాడు, మా నాయన ఇట్ల చెప్పినాడు అంటాది. మొదట్లో యా నాయన అని అడుగుతా ఉంటిని. తర్వాత అడిగేది నిలిపేసినాను." లోటా వైపు చూపించింది. "మజ్జిగ తాగు నాయనా, ఎండలో వచ్చినావు."

తాగాను. ఖాళీ లోటా ఆమె చేతికిచ్చాను. వచ్చేటప్పుడు ఆమె కాళ్లకు దణ్ణం పెట్టాను. పదహారేళ్ల కిందటే పెట్టాల్సింది.

కాగితాలు వెళ్లాయి. ఆవణికి ముందొచ్చే ఆడి నెల చివర్లో చెన్నైలో ఇంటర్వ్యూ అన్నారు. కాగితంలో రాసిందీ నోటితో చెప్పిందీ ఒకటే కాకపోతే ఫైలు ఆగిపోతుంది, ఆగితే ఆవణి దాటిపోతుంది అని వకీలు భయపెట్టాడు. దాంతో ఇంట్లో రోజూ సాయంత్రం పరీక్ష పెట్టాం. నా భార్య ఆఫీసరు. కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చుని నన్ను చూపించేది.

"ఈయప్ప నీకు ఏమి కావాల?"

"మా నాయన."

"అట్ల చెప్పకూడదు పాపా. స్టెప్ ఫాదర్ అని చెప్పాల."

"సరిమ్మా." మళ్లీ అడిగితే మళ్లీ అదే. "మా నాయన."

నాకు విసుగొచ్చి కసిరాను. "ఒక్క మాట చెప్పేదానికి ఏమి కష్టం నీకు? నీ చదువు పోతాది, తెలుసునా?"

పిల్ల తల్లిలాగే ఆఫీసరు గొంతు పెట్టి నా వైపు తిరిగింది. "మీరు చెప్పండి చూద్దాం. ఈ పిల్ల మీకేమి కావాల?"

నోరు తెరిచాను. నా కూతురు అనే వచ్చింది. తల్లీకూతుళ్లు పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను గానీ లోపల దిగులు పట్టుకుంది. ఇంటర్వ్యూ నాటికి కూడా మా ఇద్దరిలో ఎవరికీ ఆ మాట నోరు తిరగలేదు.

చెన్నైలో గాజుపలక వెనక ఒక ఆఫీసరమ్మ కూర్చుని ఉంది. కాగితాలన్నీ తిరగేసింది. పుట్టిన సర్టిఫికెట్ పక్కన బడి సర్టిఫికెట్ పెట్టి చాలాసేపు చూసింది. నా చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఆ ఒక్క అక్షరం నేను పెట్టించిందే. పిల్ల చదువు నా చేతులతో నేనే పాడు చేశాననుకున్నాను. అప్పుడు ఆమె నన్ను చూపించి, ఈయన నీకు ఏమవుతారని పిల్లను అడిగింది.

పిల్ల నా వైపు చూడలేదు. నిటారుగా నిలబడి, "స్టెప్ ఫాదర్" అంది. తడబడలేదు. ఆ మాట వినడానికే కదా నెలంతా కసిరింది. విన్నాక మాత్రం గుండెల్లో సూది దిగినట్టయింది.

ఇంకో రెండు ప్రశ్నలు వేసి, ఆమె నవ్వి, వీసా ఇస్తున్నామని చెప్పింది. పుట్టినరోజుకు ఇంకా పదకొండు రోజులున్నాయి. నా భార్య అక్కడే నిలబడి ఏడ్చేసింది.

తిరుగు బస్సులో తల్లికి నిద్ర పట్టేసింది. పిల్ల నా పక్కన కూర్చుని కిటికీలోంచి చూస్తోంది. మెచ్చుకోవాలనిపించి, "బాగా చెప్పినావు పాపా, ఒక్క తప్పు లేదు" అన్నాను.

అది కిటికీ వైపే చూస్తూ నా చెయ్యి పట్టుకుంది. "ఆ ఒక్కసారికే నాయనా. ఇంకొకసారి నన్ను చెప్పమనొద్దు" అంది.