సాక్ష్యం చెప్పమన్న ఆదివారం

చెన్నై విమానాశ్రయంలో కారెక్కిన నాకు నాయుడుపేట దాటేవరకూ మెలకువే లేదు. ముందు సీట్లో మా ఆయన డ్రైవరుతో గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. మా చర్చి సంఘం తరఫున మలావీ దేశానికి సేవకు వెళ్లిన జట్టులో నేనొక్కదాన్నే నర్సుని. ఉన్నది రెండు వారాలే, కానీ తిరిగి వచ్చేసరికి చెయ్యెత్తి కిటికీ అద్దం దించే ఓపిక కూడా లేదు.

అక్కడ మేం చేసింది పెద్దగా ఏమీ లేదు. సరస్సు ఒడ్డున బల్లలు వేసుకుని పుండ్లు కడిగాం, కట్లు కట్టాం, జ్వరాలకు మాత్రలిచ్చాం. చివరి రోజు మధ్యాహ్నానికే మందులు అయిపోయాయి. పొద్దుటి నుంచి నిలబడ్డవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. దుబాసీ ఆ సంగతి వాళ్ల భాషలో చెబితే ఎవరూ గొడవ చెయ్యలేదు. ఒక తల్లి బిడ్డను మళ్లీ వీపుకు కట్టుకుని వెళ్లిపోయింది. ఆ బిడ్డకు ఏమైందో నేను అడగనైనా లేదు. మేం బల్లలు మడిచాం.

ఇంటికి వచ్చేసరికి మా అత్త మంచం మీద గోడకానుకుని కూర్చుని ఉంది. పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆమెకు ఎడమ చెయ్యీ కాలూ స్వాధీనంలో లేవు. వెళ్లేముందు ఆమెను చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టి వెళ్లాను. అత్త తల నున్నగా దువ్వి జడ వేసి ఉంది, చీర శుభ్రంగా ఉంది.

"ఆ మనిషి బాగానే చూసుకుందే," అన్నాను.

"ఆమె మధ్యలోనే మానేసింది," అన్నాడు మా ఆయన. "చెప్తే నువ్వాడ దిగులు పడతావని చెప్పలా. అంతా పక్కింటామే చేసింది."

పక్కింటామె భర్త సముద్రం మీద వేటకు వెళతాడు. ఆమె పొద్దున్నే చేపలు అమ్ముకొచ్చి, ఆ తర్వాత మా అత్తకు స్నానం చేయించి, అన్నం తినిపించిందట. వాళ్లు గంగమ్మను కొలుచుకునేవాళ్లు. మా చర్చి గడప ఆమె ఏనాడూ ఎక్కలేదు.

మా మాటలు విని ఆమే వచ్చింది. "ఏందక్కా, ఇంత చిక్కిపొయినావు? ఆడ కూడు పెట్టలేదా?"

"నిన్ను చాలా కష్టపెట్టినాను," అన్నాను.

"కష్టమేముంది? మీ అత్తతో మాట్లాడతా ఉంటే పొద్దే తెలీలా."

అత్త నవ్వింది. నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. కూర్చున్నచోటే కళ్లు మూతలు పడుతున్నాయి.

ఆదివారం ఆరాధనలో మా పాస్టరు అయ్యగారు నన్ను ముందుకు పిలిచారు. "అమ్మా, అక్కడ దేవుడు మీ ద్వారా చేసిన కార్యాల గురించి సాక్ష్యం చెప్పండి."

రెండు మంచి మాటలు చెబుదామనుకుని వెళ్లాను. మైకు ముందు నిలబడగానే అవి కాస్తా పోయాయి. మందులు అయిపోయిన సంగతి చెప్పాను, వెళ్లిపోయిన తల్లి సంగతి చెప్పాను. "ఆ బిడ్డ ఎట్లా ఉందో నాకు తెలీదు. ప్రార్థన చెయ్యండి. నేను ఇంట్లో లేనప్పుడు మా అత్తను మా పక్కింటామె చూసింది. ఆమె కోసం దేవునికి స్తోత్రం," అని వచ్చి కూర్చున్నాను. ఎవరూ హల్లెలూయ అనలేదు. అయ్యగారు పాట ఎత్తుకోమన్నారు.

బయట చెప్పులు వేసుకుంటుంటే అయ్యగారు నా దగ్గరికి వచ్చారు. "వచ్చే ఏడు కూడా మీరు సేవకు వెళతారనుకున్నానమ్మా."

"ఇప్పుడు అడగొద్దయ్యగారూ. నా ఒళ్లు నాకే బరువుగా ఉండాది."

ఆయన నొచ్చుకుంటారేమో అనుకున్నాను. నొచ్చుకోలేదు. "పోయి పడుకోండి," అన్నారు.

ఇంటికి వెళ్లేసరికి పక్కింటామె మా అత్తకు అన్నం కలిపి పెడుతోంది. నేను చెయ్యి కడుక్కుని గిన్నె అందుకోబోతే ఇవ్వలేదు.

"నువ్వు పడుకో అక్కా. ఈ పూట నేను చూస్తాలే."

వద్దనాలి. వద్దనలేదు. చీరైనా మార్చుకోకుండా చాప పరుచుకుని పడుకున్నాను. వాళ్లిద్దరూ ఏదో మాట్లాడుకుంటూనే ఉన్నారు.

మరునాడు ఆసుపత్రిలో డ్యూటీకి వెళ్లాను. ఆ అలసట తీరడానికి చాలా వారాలు పట్టింది. మళ్లీ వెళతానని అయ్యగారికి నేను ఇంతవరకూ మాట ఇవ్వలేదు, వెళ్లనని కూడా చెప్పలేదు. నాకు పగటి డ్యూటీ పడిన రోజుల్లో పక్కింటామె ఇప్పటికీ వస్తోంది.