మెట్టు మీది మనిషి

ఆ ఫోటోలో కుర్చీ ఖాళీగా ఉంటుంది. వాన వెలిసిన సందు, మూసిన షట్టర్, స్తంభానికి ఒకే ఒక దీపం, దాని కింద చెయ్యి విరిగిన ప్లాస్టిక్ కుర్చీ. మిగతాదంతా నలుపు. చూసినవాళ్లందరూ ఆ ఖాళీ గురించే మాట్లాడారు. నిజానికి కుర్చీ పక్కన, మెట్టు మీద, ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. ఆ మాట చెప్పాల్సిన రోజున చెప్పలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

నేను బేగంపేటలో ఒక ఆఫీసులో పనిచేస్తాను. ఇల్లు మారేడ్‌పల్లిలో. మా నాన్న గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు, నేను మాత్రం పుట్టింది, పెరిగింది సికింద్రాబాద్‌లోనే. నలభై దాటాక నిద్ర తగ్గింది. డాక్టర్ దగ్గరికి వెళ్లమని అందరూ అంటే నేను కెమెరా కొనుక్కున్నాను. భోజనం అయ్యాక స్కూటర్ తీసి స్టేషన్ వెనక రోడ్లు, మోండా మార్కెట్, జనరల్ బజార్ సందులు తిరిగేవాణ్ణి. పగలు భుజాలు రాసుకుంటూ నడవాల్సిన చోట రాత్రి నా అడుగుల చప్పుడు గోడకు తగిలి నా వెనకే వచ్చేది. ఆగి వెనక్కి చూస్తే ఎవరూ ఉండేవారు కాదు. ఆ భయం నాకు ఇష్టంగా ఉండేది. దాన్నే ఫోటోల్లోకి తేవాలనుకున్నాను.

రంగుల్లో అది రాదు. నీలం టార్పాలిన్, పచ్చ అక్షరాల బోర్డులు ఉంటే రాత్రయినా బజారు బజారులాగే కనిపిస్తుంది. రంగు తీసేసి, కంప్యూటర్లో నీడల్ని ఇంకాస్త నల్లగా చేస్తే గోడ ఎక్కడ అయిపోయిందో సందు ఎక్కడ మొదలైందో తెలియదు. చూసేవాడు ఆ నలుపులో తన భయాన్ని తనే పెట్టుకుంటాడు.

"మీ ఫోటోల్లో మనుషులే ఉండరేమండీ? ఊరంతా ఖాళీ చేయించి తీస్తారా?" అనేది మా ఆవిడ. "మన పెళ్లి ఫోటోలు వేరేవాళ్లు తీశారు కాబట్టి బతికిపోయాను. మీరే తీసుకుని ఉంటే అందులో నేనుండేదాన్ని కాదు."

నవ్వి స్కూటర్ తాళాలు తీసుకునేవాణ్ణి.

లష్కర్ బోనాలకు ముందు వారం, వాన పడి ఆగిన ఒక రాత్రి, ఆ సందులో స్టాండ్ వేసి కెమెరా బిగించాను. ఎదురుగా గిన్నెల దుకాణం. కాపలా ముసలాయన గొంగడి కప్పుకుని, తలకు తెల్ల తువాలు చుట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు. కుర్చీ మీద చూరు నీళ్లు కారుతున్నాయి, అందుకే కింద కూర్చున్నట్టున్నాడు. నన్ను చూడలేదు. నేనూ పలకరించలేదు. పలకరిస్తే లేచి నిలబడతారు, ఫోటో పాడవుతుంది.

ఇంటికొచ్చి చూసుకుంటే ఆ తువాలు కంటికి తగిలింది. చూపు కుర్చీ దగ్గర నిలవకుండా అటే పోతోంది. ఆ మూల వరకే ఎంచుకుని నలుపు పెంచాను. మొదట గొంగడి పోయింది. తర్వాత మొహం. తువాలు మాత్రం చాలాసేపు ఉండింది, ఆఖరికి అదీ పోయింది. ఎంత బాగుందో అనుకున్నాను.

ఆ ఫోటోను ఒక క్లబ్బు పోటీకి పంపాను. ఉన్నదాన్ని తీసేయకూడదు, లేనిదాన్ని చేర్చకూడదు అన్నది వాళ్ల నియమం. నేను ఎవరినీ తీసేయలేదు, నలుపు పెంచానంతే అని నాకు నేను చెప్పుకున్నాను. మొదటి బహుమతి వచ్చింది. పెద్దగా అచ్చువేసి, అద్దం బిగించి క్లబ్బు ప్రదర్శనలో వేలాడదీశారు.

ప్రదర్శన రెండో రోజు గిన్నెల దుకాణం ఆయన వచ్చాడు. ఎవరో ఆయన ఫోన్‌కు ఆ ఫోటో పంపారట. వెంట ముసలాయన కూడా ఉన్నాడు. తలకు అదే తువాలు.

"గిది నా దుకాణమే సార్. గా షట్టర్ మీద సొట్ట సుత నాదే" అన్నాడు దుకాణదారు. "ఏ రాత్రి తీసిన్రు?"

నేను గొప్పగా చెప్పాను. ఆయన మొహం మారింది. ఆ రాత్రే దొంగలు వెనక రేకులు విప్పి దుకాణంలో దిగారని, రాగి బిందెలు, కొత్త కుక్కర్లు ఎత్తుకుపోయారని అప్పుడు తెలిసింది.

"సూడు" అన్నాడు ముసలాయనతో. "తెల్లందాక ఈడనే ఉన్ననన్నవు. కుర్చీ ఖాలీ. యాడికి పోయినవ్, సెకండ్ షోకా?"

"కుర్చీల లేను సేటూ. తడుస్తదని మెట్టు మీద కూసున్న."

"మెట్టు మీద ఏమున్నది? దయ్యం సుత లేదు."

ముసలాయన ఫోటోకు దగ్గరగా జరిగాడు. ముక్కు అద్దానికి తగిలేంతగా వంగి ఆ నలుపులో వెతికాడు. తర్వాత ఒకచోట వేలు పెట్టాడు. సరిగ్గా నేను నలుపు పెంచిన చోట.

"సార్, గీడనే కూసున్న. మీకు అగుపడలేదా?"

నా పక్కనే పోటీ న్యాయనిర్ణేత టీ తాగుతూ నిలబడి ఉన్నారు. అంతకు ముందే ఆ ఖాళీని తెగ మెచ్చుకున్నారు.

"నాకేమీ కనిపించలేదు" అన్నాను.

ముసలాయన కోప్పడలేదు. తలకున్న తువాలు విప్పి, అద్దం మీద పడిన వేలిముద్ర తుడిచి, మళ్లీ ఒకసారి చూశాడు. అప్పుడు ఇద్దరూ వెళ్లిపోయారు.

దొంగలతో కలిశాడని ముసలాయన్ని పోలీస్ స్టేషన్‌కు పిలిపించి అడిగారని, ఏమీ తేలక వదిలేశారని తర్వాత విన్నాను. బజారులో ఇంకెవరూ ఆయన్ని కాపలాకు పెట్టుకోలేదు. నేను ఆ సందులోకి వెళ్లడం మానేశాను. కానీ ప్రదర్శన అయ్యాక ఇంటికి తెచ్చుకున్న ఆ ఫోటో మా హాల్లోనే ఉంది. రాత్రి మంచినీళ్లకు లేస్తే వీధి దీపం వెలుగు దాని అద్దం మీద పడేది. అక్కడ ఏమీ లేదని చూసేవాళ్లందరికీ తెలుసు, నాకు తప్ప. లైటు వేయకుండా, అటు తిరగకుండా వంటింట్లోకి వెళ్లడం అలవాటు చేసుకున్నాను. అయినా వీపు మీద చూపు పడుతున్నట్టే ఉండేది.

ఏడాది దాటాక మా ఆవిడ కంప్యూటర్లో ఏవో పెళ్లి ఫోటోలు వెతుకుతూ పిలిచింది.

"మన హాల్లోదే కదండీ ఇది? మరి ఈ మెట్టు మీద ఉన్నాయన ఎవరు?"

అసలు ఫోటో. చెరిపేయలేదు నేను, ఎందుకో. అంతా చెప్పాను. ఆమె తిట్టలేదు. హాల్లోకి వెళ్లి ఫోటో దించి, గోడవైపు తిప్పి పెట్టింది.

"నాతో కాదు, వాళ్లతో చెప్పండి" అంది.

ముందు దుకాణానికి వెళ్లి ఫోన్‌లో చూపించాను. దుకాణదారు చూసి ఫోన్ తిరిగిచ్చేశాడు.

"అప్పుడు లేడన్నరు, ఇప్పుడు ఉన్నడంటున్నరు. మాయం జేసినోళ్లకు మల్ల తెచ్చి కూసోవెట్టుడెంత సేపు సార్? మా పిల్లగాడు ఫోన్ల నన్ను తాజ్‌మహల్ ముంగట నిలవెడ్తడు. నేను కాజీపేట దాటలే."

ముసలాయన ఎక్కడున్నాడో మాత్రం చెప్పాడు.

యాప్రాల్‌లో సగం కట్టిన అపార్ట్‌మెంట్ వెనక రేకుల గది. నేను వెళ్లేసరికి పొద్దు గుంకుతోంది. ముసలాయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆయన భార్య చుట్టుపక్కల ఇళ్లలో పనిచేస్తుందట, అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. ఫోటో తీసిన మనిషినని చెప్పగానే ఆమె మొహం తిప్పుకుంది.

"మీ ఫోటో జూసినకాంచి గిట్లనే సార్. రాత్రి కాలు మంచానికి కట్టమంటడు. కట్టకుంటే పండడు."

"ఎందుకు?"

జవాబు ముసలాయన చెప్పాడు. "మెట్టు మీద ఉన్నట్టే నాకు యాదికున్నది. గనీ ఫోటోల లేను. తీసిన మీరే లేనన్నరు. అంటే నిద్రల లేసి యాడికో పోయిన్న గద సార్. గా దొంగలకు దారి నేనే సూపెట్టిన్ననో ఏమో, ఎవలకెరుక?"

ఫోన్ తీసి చూపించాను. ఆయన చాలాసేపు పట్టుకుని చూశాడు. ఆమె కూడా వంగి చూసింది.

"గీ గొంగడి మనదే" అంది మెల్లగా.

"ఇది అసలు ఫోటో" అన్నాను. "మీరు అక్కడే ఉన్నారు. నేను చూశాను. చూడలేదని అబద్ధం చెప్పాను."

ఆయన నా మాట విన్నాడో లేదో తెలియలేదు. ఫోన్ నా చేతికిచ్చి, "మెల్కతోనే ఉన్ననా సార్? కండ్లు తెరుసున్నయా? జెర పెద్దగ జేసి సూడుండ్రి" అన్నాడు.

పెద్దది చేశాను. మొహం చుక్కలు చుక్కలుగా విడిపోయింది. తువాలు కింద రెండు గుంటలు, అంతే. తెరిచే ఉన్నాయని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆయన నా నోటివైపే చూస్తున్నాడు.

"కనిపించడం లేదు" అన్నాను. ప్రదర్శనలో అన్న మాటే దాదాపు. ఈసారి నిజం.

ఆయన తల ఊపాడు. బయట చీకటి పడింది. ఆమె కొక్కేనికి వేలాడుతున్న పాత చున్నీ తీసింది. ఆయన, ఎవరూ అడగకుండానే, కాలు చాపాడు.