గోడౌన్ గేటు ఎదుట మా పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయిన నెల చేవెళ్లలో కన్నుమూసింది. పొద్దున్నే నేను మొయినాబాద్‌లో హోటల్ తెరిచి, ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెట్టేసరికి ఆమె కొడుకు ఫోన్ చేశాడు. "అమ్మ లేదు చెల్లె" అన్నాడు, అంతే. అప్పటికే పనికి పోయేవాళ్లు బల్లల మీద కూర్చుని ఉన్నారు. వాళ్లకు పెట్టి, గిన్నెలు కడిగి, షట్టర్ దించి అప్పుడు బస్సెక్కాను. తినడానికి వచ్చినవాళ్లను లేపి వస్తే ఆమె చచ్చి కూడా నన్ను తిట్టేది.

ఊళ్లోకి అడుగుపెట్టగానే ఫ్లెక్సీ కనబడింది. ఆమె ఫోటో కింద 'శాంతమూర్తి, అందరినీ క్షమించిన తల్లి' అని రాయించారు. మంచి మనసుతోనే రాయించి ఉంటారు. కానీ అది నిజం కాదు. మా పెద్దమ్మ ఒక మనిషిని క్షమించలేదు. క్షమించకుండానే పోయింది. అందుకు నాకు ఏ బాధా లేదు, గర్వంగా ఉంది. చదివేవాళ్లకు ఆ మాట చెప్పాలనే ఇది రాస్తున్నాను.

పెద్దమ్మ ఒక పెద్ద కరెంటు కంపెనీ రికార్డు గదిలో పనిచేసేది. వయసులో ఉన్నప్పుడు ఊడ్చే పనికి చేరి, తర్వాత ఫైళ్లు అందించే పనికి మారింది. లైన్‌మన్ల సర్వీసు ఫైళ్లు, టవర్ల కోసం పొలం ఇచ్చిన రైతుల కాగితాలు, స్తంభం మీద ప్రాణం పోయినవాళ్ల కేసులు అన్నీ ఆ గదిలోనే ఉండేవి. ఏ కట్ట విప్పినా ముందు కొంగుతో దుమ్ము తుడిచేది. విసిరేసినట్టు పెడితే ఎవరినైనా కసిరేది. "కాయితమనుకుంటున్నవా? అండ్ల ఒక మనిషి ఉన్నడు. జర మెల్లగ పెట్టు" అనేది.

కొన్నేళ్ల క్రితం కంపెనీకి ఆ గది బరువైంది. సిటీలో అంత జాగా కాగితాలకెందుకు అనుకున్నారు. ఫైళ్లు దాచడం, స్కాన్ చేయడం, అడిగినప్పుడు తీసి ఇవ్వడం మొత్తం ఒక ఏజెన్సీకి అప్పగించారు. ఆ ఏజెన్సీ మొయినాబాద్ దగ్గర రోడ్డు పక్కన పాత కోళ్ల షెడ్డు ఒకటి కిరాయికి తీసుకుని, గోడలకు సున్నం కొట్టించి, గోడౌన్ అని బోర్డు పెట్టింది. ఫైళ్లు లారీల్లో వచ్చాయి. వాటితో పాటు పెద్దమ్మ కూడా వచ్చింది. నిన్నటిదాకా కంపెనీ మనిషి, ఇవాళ ఏజెన్సీ మనిషి. "మీ ఊరికి దగ్గరైంది కదమ్మా" అని ఒక ఆఫీసరు సంతోషపెట్టబోతే, "అవు సారూ, ఊరు దగ్గరైంది, నౌకరీ దూరమైంది" అంది.

డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న నాకు అక్కడే స్కానింగ్ పని ఇప్పించింది. పొద్దున ఇద్దరం ఒకే బస్సులో వెళ్లేవాళ్లం. ఆమె కిటికీ పక్కన కూర్చుని దారి పొడవునా నాకు చీవాట్లు పెట్టేది. జడ సరిగా వేసుకోలేదని, టిఫిన్ తినకుండా వచ్చానని, ఎవరైనా గట్టిగా మాట్లాడితే తల దించుకుంటానని. "తప్పు జేసినోడు దించుకోవాలె తల. నువ్వెందుకు దించుతవ్?" అనేది.

ఆ షెడ్డు రేకులు పాతవి. వానలు మొదలుకాకముందే పెద్దమ్మ మేనేజర్ దగ్గరికి పోయి చెప్పింది. "సార్, రేకులకు చిల్లులున్నయ్. తాడ్‌పత్రి గప్పిద్దాం." ఏజెన్సీ సిటీ నుంచి పంపిన మనిషి అతను. ఫోన్ లోంచి తల ఎత్తకుండా "చూద్దాంలేమ్మా" అన్నాడు. చూడలేదు. ఆ వానలకు ఒక గోడ పొడవునా ఉన్న కట్టలు నానిపోయాయి. కాగితాలు ఉబ్బి, బూజు పట్టి, ముట్టుకుంటే ముద్దగా చేతికొచ్చాయి. ఒకరోజు మేనేజర్ హమాలీలను పిలిచి వాటన్నిటినీ లారీకి ఎత్తించాడు. ఎక్కడికని పెద్దమ్మ అడిగితే "ఆరబెట్టించడానికి" అన్నాడు. అవి మళ్లీ తిరిగి రాలేదు.

కొన్నాళ్లకు మొయినాబాద్‌కు దగ్గర్లోని ప్రొద్దుటూరు ఊరి నుంచి ఒకామె వచ్చింది. ఆమె భర్త లైన్‌మన్. స్తంభం మీద కరెంటు కొట్టి చనిపోయాడు. ఆయన ఉద్యోగం కొడుక్కి రావాలంటే పాత సర్వీసు ఫైలు కావాలని కంపెనీ అడిగింది. ఆ ఫైలు నానిన గోడ వైపుది. కంపెనీ నుంచి ఫోన్ల మీద ఫోన్లు రావడం మొదలైంది. మేనేజర్‌కు తన తప్పు మోసే మనిషి ఒకరు కావలసి వచ్చింది.

ఆ సాయంత్రం డ్యూటీ దిగి అందరం గేటు దగ్గరికి వచ్చేసరికి అడ్డంగా నిలబడ్డాడు. "ఎవ్వరూ వెళ్లొద్దు. ఫైళ్లు చిత్తు కాగితాల వాడికి అమ్ముకున్నది ఈమే" అని పెద్దమ్మ వైపు వేలు చూపించాడు. గార్డు చేత ఆమె సంచి నేల మీద కుమ్మరించాడు. అన్నం డబ్బా, కళ్లజోడు, చిన్న బైబిలు. డబ్బా మూత కూడా తీయించాడు. మిగిలిన జొన్నరొట్టె ముక్క కింద పడింది. పెద్దమ్మ వంగి బైబిలు తీసుకుంది. నేనే అరిచాను, "లారీకి ఎత్తించింది మీరే కదా సార్!" అని. "నువ్వు కూడా రేపట్నించి రావద్దు" అన్నాడు. మిగతావాళ్లు నోరెత్తలేదు. వాళ్ల ఇళ్లు ఆ పని మీదే నడిచేవి. వాళ్లను నేనేమీ అనను. నా కోపమంతా వాడి మీదే.

అక్కడితో ఆగలేదు. ఫైలు కోసం తిరిగి తిరిగి అలసిపోయిన ఆ లైన్‌మన్ భార్యకు "మీ ఫైలు అమ్ముకున్నది చేవెళ్లలో ఉంది, ఆమెనే అడుక్కోండి" అని చెప్పి పంపాడు. ఆమె మా పెద్దమ్మ ఇంటి ముందుకొచ్చి, దోసిట్లోకి మన్ను తీసుకుని గుమ్మంలోకి విసిరింది. "నా మొగని పానం బోయింది, నువ్వు ఆయన కాయితాలు గూడ అమ్ముకున్నవా? నీ ఇల్లు మన్నుగాను!" అని ఏడ్చింది. వాడకట్టంతా చూసింది. ఆ ఆదివారం చర్చి పెద్దలు వచ్చి, గొడవ సద్దుమణిగేదాకా పెద్దమ్మ దగ్గరుండే చర్చి తాళాలు ఇవ్వమని అడిగారు. పెద్దమ్మ తీసి ఇచ్చేసింది.

చాలా రోజులు ఆమె గడప దాటలేదు. గుమ్మంలో పడిన మన్నును తానే ఊడ్చింది, ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు. తర్వాత ఒక పొద్దున చీర మార్చుకుని "నడువ్ బిడ్డా, మొయినాబాద్ పోదాం" అంది. గోడౌన్ గేటుకు సరిగ్గా ఎదురుగా, రోడ్డుకు అటువైపు ఒక రేకుల షెడ్డు ఖాళీగా ఉంది. దాన్ని కిరాయికి మాట్లాడింది. "ఇక్కడే ఎందుకు పెద్దమ్మా?" అని అడిగాను. "పొద్దుగాల కారు దిగంగనే వానికి నా మొకం కనబడాలె" అంది.

అలా మా టిఫిన్ హోటల్ మొదలైంది. ఆమె చేతి ఉప్మా కోసం జన్వాడ ఫామ్‌హౌసుల్లో తోటపని చేసే మాలీలు కూడా వచ్చేవాళ్లు. గోడౌన్ వాళ్లు మొదట మొహం చాటేసి, తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. అందరికీ పెట్టేది. ఒక్కరికి తప్ప. మొదటివారమే గార్డు ఫ్లాస్కు పట్టుకుని వచ్చాడు.

"ఎవరికి?" అంది.

"సార్‌కు."

"చాయ్ అయిపోయింది."

"ఉడుకుతున్నది గదమ్మా!"

"అది మనుషులకు."

గార్డు నవ్వాపుకుంటూ వెనక్కి పోయాడు. ఆ మాట సాయంత్రానికి గోడౌనంతా పాకింది. మేనేజర్ ఊరుకోలేదు. మా హోటల్ రోడ్డుకు అడ్డమని పంచాయతీలో ఫిర్యాదు చేయించాడు. అక్కడ తింటే పని పోతుందని బెదిరించాడు. మధ్యాహ్నం గేటుకు తాళం వేయించాడు. పెద్దమ్మ గోడౌన్ ప్రహరీ గోడ పక్కన బల్ల వేసుకుని, దాని మీదికెక్కి టిఫిన్ పొట్లాలు లోపలికి అందించింది. ఆ వయసులో ఆమె బల్ల ఎక్కుతుంటే నేను కింద బల్ల కాలు గట్టిగా పట్టుకునేదాన్ని. ఆమె మాత్రం ఆ రోజుల్లో వయసు తగ్గినట్టు తిరిగింది. పగ మనిషిని తినేస్తుందని అంటుంటారు. మా పెద్దమ్మను అదే నిలబెట్టింది. నా కళ్లతో చూశాను.

కాంట్రాక్టు మళ్లీ ఇవ్వాలా వద్దా అని చూడటానికి కంపెనీ ఆఫీసర్లు వస్తున్నారని ముందే తెలిసింది. ముందురోజు గోడౌన్ ఆడవాళ్లు, హమాలీలు చాయ్ తాగుతుంటే పెద్దమ్మ వాళ్ల మధ్య కూర్చుంది. "మిమ్ముల నేనేం అడుగలె ఇన్నొద్దులు. రేపొక్కనాడు నా హోటల్ల టిఫిన్ జర నిమ్మలంగ తినుర్రి" అంది. ఒక హమాలీ గ్లాసు కింద పెట్టి, "ఆ తడిసిన కట్టలెత్తిన చేతులు మాయే అవ్వా. అందరం ఒస్తం" అన్నాడు.

మర్నాడు ఆఫీసర్ల కార్లు వచ్చేసరికి గోడౌన్‌లో లైట్లు వెలుగుతున్నాయి, మిషన్ల ముందు మనుషులు లేరు. అందరూ రోడ్డుకు ఇటువైపు మా బల్లల మీద ఉప్మా తింటున్నారు. మేనేజర్ మొదటిసారి రోడ్డు దాటి మా షెడ్డులోకి వచ్చాడు. చొక్కా చెమటతో తడిసి ఉంది. "ఏం కావాలమ్మా నీకు?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఆనాడు గేటు కాడ ఏమన్నవో, అది అబద్ధమని గా గేటు కాడనే చెప్పు. అంతే గట్టిగ."

వాడు ఆఫీసర్ల వైపు చూసి, "సారీ మేడం, మిస్‌అండర్‌స్టాండింగ్" అని గొణిగాడు.

"ఇంగ్లీషు నాకెందుకు? దొంగ అన్నది తెలుగులనే గదా. తెలుగుల చెప్పు."

పెద్దమ్మ ముందు నడిచింది. వాడు వెనక, మేమంతా ఆ వెనక. ఆమె సంచి కుమ్మరించిన చోటే నిలబడి వాడు చెప్పాడు, "ఈమె ఫైళ్లు అమ్మలేదు" అని. "ఇనబడలే" అంది. మళ్లీ చెప్పాడు. అప్పుడు ఒక ఆఫీసరు "మరి ఫైళ్లేమయ్యాయి?" అని అడిగాడు. హమాలీలు చెప్పారు, కారిన రేకుల దగ్గర్నుంచి లారీ దాకా. ఆ మాటలన్నీ అయ్యేవరకు పెద్దమ్మ వాడి మొహం మీంచి చూపు తిప్పలేదు. తల దించుకున్నది వాడు.

వాడి ఉద్యోగం పోయింది. ఆ ఏజెన్సీకి పనీ పోయింది. కంపెనీ మాత్రం తన కాగితాలు తాను చూసుకోలేదు. ఇంకో ఏజెన్సీని తెచ్చింది. కొత్తవాళ్లు వచ్చి పెద్దమ్మను పనిలోకి రమ్మన్నారు. "కంపెనీ మనిషిగనా, ఏజెన్సీ మనిషిగనా?" అని అడిగింది. ఏజెన్సీ అన్నారు. "అయితే నాకు పొయ్యి మీద పని ఉన్నది" అంది. చర్చి పెద్దలు తాళాలు తెచ్చి ఇస్తే, అప్పుడు అడిగి తీసుకున్నవాళ్లనే ఉంచుకోమంది.

ఫైలు పోయింది ఏజెన్సీ వల్లేనని తేలాక కంపెనీ వేరే ఆఫీసుల్లో నకళ్లు వెతికి కొత్త ఫైలు కట్టింది. లైన్‌మన్ కొడుక్కి ఉద్యోగం వచ్చింది. ఆ తల్లి మా హోటల్‌కు వచ్చి, ప్లేటు ముందు పెట్టుకుని తినలేక ఏడుస్తూ కూర్చుంది. పెద్దమ్మ పక్కన కూర్చుని చట్నీ వేసింది. "తిను చెల్లె. నీ మీద నాకు కోపం లేదు. ఆ మన్ను నీ చేత పోయించినోని మీదనే" అంది.

ఆ మేనేజర్ ఇప్పుడు ఎక్కడున్నాడో నాకు తెలుసు. ఇది వాడి కంటపడితే పడనీ. ఆమె పోయింది కదా, ఇక అంతా మరిచిపోయారని అనుకోవద్దు. నేనున్నాను.

చివరి వారం ఆమె చేవెళ్ల దవాఖానలో ఉంది. పాస్టరుగారు వచ్చి మంచం పక్కన కూర్చుని, ఎంతో ప్రేమగా "అమ్మా, ఆ మేనేజర్ మీద మనసులో ఏమన్నా ఉంటే ఇప్పుడన్నా ఒదిలెయ్యి. క్షమించిన అని ఒక్కమాట అను" అన్నాడు. పెద్దమ్మ కళ్లు మూసుకుని సన్నగా గురక పెట్టింది. ఆయన కాసేపు చూసి, నిద్రపోతున్నదనుకుని, మెల్లగా ప్రార్థన చేసి వెళ్లిపోయాడు. తలుపు మూసుకున్నాక ఆమె ఒక కన్ను తెరిచింది.

"పోయిండా?"

"పోయిండు."

"నన్ను జర లేపి కూసోబెట్టు. జామకాయ దినబుద్ధైతున్నది."

డాక్టరు ఉప్పు వద్దన్నాడు. అయినా కింద బండి దగ్గర కొని, కోయించి, ఉప్పూకారం చల్లించి తెచ్చాను. సూది గుచ్చిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, రెండో చేత్తో ముక్క తీసుకుని, ఉన్న పళ్లతోనే కసకసా నమిలింది. పెదవి చివర అంటుకున్న కారాన్ని నాలుకతో తుడుచుకుని, ఇంకో ముక్క కోసం చెయ్యి చాపింది.