మంత్రి చెప్పని మాట

మంఖాల్ ఊరి మొగులయ్యకు బామ్మర్ది కొండల్ అంటే కడుపుమంట. ఆ మంట భూమి దగ్గరో పెట్టుపోతల దగ్గరో పుట్టింది కాదు, ఒక నాటకం దగ్గర పుట్టింది.

ఏటా వేసవిలో, చేలు ఖాళీగా ఉండే రోజుల్లో, బడి ఆవరణలో పొద్దు వాలగానే ఊరివాళ్లు ఒక పాత నాటకం ఆడేవారు. ఎవరు రాశారో తెలియదు. ఒక నోటుబుక్కులోంచి ఇంకో నోటుబుక్కులోకి ఎక్కుతూ మూడు తరాలు దాటి వచ్చింది. అందరూ దాన్ని వాకిలి నాటకం అనేవారు. కరువొచ్చిన ఒక కోటలో జనం సభ చేస్తారు. ఊరు వదిలి పోదామని మంత్రి మాట్లాడతాడు. ఇక్కడే ఉందామని కోటవాకిలి కాచే కావలివాడు మాట్లాడతాడు. ఆ రెండు ప్రసంగాల కోసమే పక్క ఊళ్ల నుంచి కూడా జనం వచ్చేవారు.

మొగులయ్య పదకొండేళ్లుగా మంత్రి వేషం వేస్తున్నాడు. మంచి గొంతు, నిలువెత్తు మనిషి. కావలివాడి వేషం వేసే ముసలాయన చనిపోవడంతో, 2008లో నాటకం నేర్పే ఈశ్వరయ్య ఆ వేషాన్ని కొండల్‌కిచ్చాడు. అదే ఏడు విమానాశ్రయం తెరిచారు, మొగులయ్యకు అక్కడ ట్రాలీలు తోసే పని దొరికింది. కొండల్‌ది శ్రీశైలం రోడ్డు మీద పంక్చర్ల దుకాణం. బేరానికి కూడా నోరు విప్పని మనిషి.

"వానికి మాటలే రావు. సభల ఏం మాట్లాడతడు?" అని మొగులయ్య తన భార్య ఈరమ్మ ముందే నవ్వాడు.

ఆ ఏడు నాటకంలో మంత్రి ప్రసంగానికి ఎప్పటిలాగే చప్పట్లు పడ్డాయి. తర్వాత కొండల్ లేచాడు. అతను ముగించాక చప్పట్లే లేవు. ఎవరూ కదల్లేదు. మొగులయ్య తన పీట మీద నుంచి చూస్తే, ఆడవాళ్ల వరసలో ఈరమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. మర్నాటి నుంచి ఊళ్లో ఎక్కడ చూసినా కావలివాడి మాటే.

"పదకొండేండ్ల సంది చెప్తున్న. నాకెన్నడన్న ఏడ్సినవా?" అని మొగులయ్య ఇంట్లో నిలదీశాడు.

ఈరమ్మ బియ్యం ఏరుతూ ఆలోచించింది. "నువ్వు చెప్తుంటే, నువ్వు మస్తుగ చెప్తున్నవనిపిస్తది. వాడు చెప్తుంటే, ఇగ నేనేం చెయ్యాల్నో అనిపిస్తది."

ఆ మాట మొగులయ్యకు ముల్లులా దిగింది. ఈశ్వరయ్య దగ్గర నోటుబుక్కు అడిగి తెచ్చుకుని, రెండు ప్రసంగాలనూ పక్కపక్కన రాసుకున్నాడు. డ్యూటీలో టీ తాగే పది నిమిషాలు ఆ కాగితాలే చదివేవాడు. తనది నలభై పంక్తులు, కొండల్‌ది పదహారు. మంత్రి మాటల్లో కారణాలున్నాయి: బావి ఎండింది, గడ్డి లేదు, పొరుగురాజు బండ్లు పంపుతానన్నాడు, పూర్వం ఫలానా రాజులు కూడా ఊళ్లు మార్చారు. ఒకదాని మీద ఒకటి పేర్చిన రాళ్లలా ఉన్నాయి. కావలివాడి ప్రసంగంలో కారణమన్నదే లేదు. మొదట మంత్రి మాట నిజమంటాడు. బావి ఎండింది, నాకూ భయంగానే ఉంది, నేనూ మూట కట్టుకున్నాను అంటాడు. తర్వాత ఒక్కటే అడుగుతాడు: "ఈ వాకిలి మూసేవాణ్ని నేను. మీరందరూ పోయాక దీన్ని లోపలి నుంచి మూయాలా, బయటి నుంచి మూయాలా? ఎవరైనా చెప్పండి."

అక్కడ కొండల్ ఆగేవాడు. జనం జవాబు వెతుక్కునేవారు. ఆ ఆగడం నోటుబుక్కులో ఎక్కడా లేదు.

మంత్రి చెప్పాల్సిందంతా తానే చెప్పేస్తాడు, జనానికి ఏమీ మిగల్చడు. కావలివాడు సగం చెప్పి, మిగతా సగం జనం చేతిలో పెడతాడు. మొగులయ్యకు తేడా అర్థమైంది. అర్థమైన కొద్దీ మంట పెరిగింది. రెండేళ్ల తర్వాత ఒకసారి తనూ అక్కడక్కడా ఆగాడు, గొంతు వణికించాడు, కన్నీళ్లు కూడా పెట్టుకున్నాడు. ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వు వెనకదాకా పాకింది.

"బావా, నువ్వెప్పటి లెక్కనే చెప్పు. నీ గొంతు నాకు లేదు" అన్నాడు కొండల్, రంగు కడుక్కుంటూ. వెటకారం లేకుండా, నిజంగానే అన్నాడు. అదే భరించలేకపోయాడు మొగులయ్య.

2011 వేసవిలో మొగులయ్య ఒక పని చేశాడు. నాటకానికి వారం ముందు, ట్రాలీల వరసను నెట్టుకుంటూ పోతుండగా తట్టింది. కావలివాడి ప్రసంగం మొత్తం ఒక్క మాట మీద నిలబడి ఉంది: "మంత్రిగారన్నది నిజం. బావి ఎండింది." మంత్రి బావి మాటే ఎత్తకపోతే? దేన్ని నిజమంటాడు? పంక్చర్లేసుకునేవాడు, సొంతంగా మాట పుట్టించలేడు. సభలో నోరు తెరుచుకుని నిలబడతాడు.

ఆ సాయంత్రం మొగులయ్య గడ్డి గురించి చెప్పాడు, బండ్ల గురించి చెప్పాడు, పాత రాజుల గురించి చెప్పాడు. బావి గురించి ఉన్న ఏడు పంక్తులూ మింగేశాడు. చప్పట్ల మధ్య వచ్చి తన పీట మీద కూర్చున్నాడు.

కొండల్ లేచి నోరు తెరిచాడు, మూశాడు. ఒకసారి మొగులయ్య వైపు చూశాడు. జనం ఎదురుచూస్తున్నారు. మొగులయ్యకు ఆ క్షణం తియ్యగా ఉంది.

అప్పుడు కొండల్ నెమ్మదిగా అన్నాడు: "మంత్రిగారు పెద్దమనసుతో ఒక మాట దాచారు. చెబితే మీరు బెంబేలెత్తుతారని చెప్పలేదు. నేను చెప్తున్నాను. బావి ఎండిపోయింది."

సభ అంతా ముందుకు వంగింది. కావలివాడే తన వాదానికి అడ్డొచ్చే నిజాన్ని బయటపెట్టడం ఎవరూ ఎన్నడూ వినలేదు. వాకిలి ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి వెనక నుంచి ఒక ముసలామె, జంగమ్మ, లేచి నిలబడి "లోపలి నుంచే మూయి బిడ్డా!" అని అరిచింది. ఆ ఏడు కొండల్‌ను భుజాల మీద ఎత్తుకున్నారు.

వేషం విప్పేటప్పుడు కొండల్ మొగులయ్య దగ్గరికొచ్చాడు. "బావా, బావి ముచ్చట మర్చిపోయినవ్."

"అవును."

"అయితది అప్పుడప్పుడు."

ఇంట్లో ఈరమ్మ అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది. "నువ్వు మర్చిపోలే. పొయ్యి కాడ నువ్వు చదువుతుంటే విని విని ఆ బావి ముక్కలు నాకే వస్తయ్. నా తమ్మున్ని నలుగుట్ల నవ్వులపాలు జేద్దామనుకున్నవ్."

మొగులయ్య కాదనలేదు. ఆ తర్వాత ఆమె చాలా రోజులు అతనితో అవసరానికి మించి మాట్లాడలేదు. మరుసటేడు మొగులయ్య డ్యూటీలు కుదరవని చెప్పి వేషం మానుకున్నాడు. కొండల్ రావిర్యాల దగ్గరికి దుకాణం మార్చాడు. ఇద్దరూ లేకపోవడంతో నాటకం ఆగింది.

2013 చివర్లో బడిలో తెలుగు చెప్పే అనుపమ టీచర్ మొగులయ్యను వెతుక్కుంటూ వచ్చింది. "ఆ రెండు ప్రసంగాలూ మా పదో తరగతి పిల్లలకు వినిపించండి. ఎదుటివాణ్ని ఎలా ఒప్పిస్తారో పోల్చి చూపిద్దాం" అంది.

మొగులయ్య మంత్రి ప్రసంగం నలభై పంక్తులూ గంభీరంగా చెప్పాడు. కావలివాడిది కూడా చెప్పాడు. వాకిలి ప్రశ్న దగ్గర ఆగాడు. తరగతి మొత్తం నిశ్శబ్దమైపోయింది.

"ఏది గట్టిది, సార్?" అని ఒక పిల్లవాడు అడిగాడు.

మొగులయ్య సుద్దముక్కను చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. "మంత్రి, గెలవాలని మాట్లాడతడు. కావలోడు ముందుగాల ఎదుటోని బలం ఒప్పుకుంటడు. ఒప్పుకున్నోని మాట మనం నమ్ముతం. నేను చెప్పింది నకలు. మా బామ్మర్ది కొండల్ చెప్తుండె, అది అసలు." ఆ పేరు పైకి అనడానికి అతనికి కష్టమైంది.

ముందు బెంచీలోంచి మనీషా అనే అమ్మాయి లేచింది. "టీచర్, ఆయన్ని కూడ పిలుద్దాం! సార్, ఆయన ఫోన్ నంబర్ చెప్పరా?"

మొగులయ్యకు పాత మంట మళ్లీ రేగింది. ఇప్పుడిప్పుడే ఈ పిల్లలు తన మాట విన్నారు. ఒక్కరోజు కూడా తనది కాకుండా పోవాలా? నంబరు చెప్పడం మొదలుపెట్టాడు. తొమ్మిది అంకెల దగ్గర ఆగిపోయాడు. ఆ చివరి అంకె తప్పు చెప్పినా అడిగేవాళ్లు లేరు.

మనీషా పెన్ను పట్టుకుని చూస్తోంది.

సరైన అంకే చెప్పాడు. తర్వాతి బుధవారం కొండల్ వచ్చి చెబుతుంటే, మొగులయ్య చివరి బెంచీలో కూర్చుని, పిల్లల తలల మీదుగా చూస్తూ, పళ్లు బిగబట్టుకుని విన్నాడు.