నతానియేలు గారూ తాళం సరుకూ

నతానియేలు గారికి తాగుడు లేదు, పేకాట లేదు, సిగరెట్టు వాసన పడదు. ఆయనకున్నది ఒకటే వ్యసనం. ఎవరింట్లోనైనా, ఏ ఆఫీసులోనైనా లినక్స్ ఉన్న కంప్యూటర్ కనిపిస్తే చాలు, అందులో తాళం సరుకు ఎంతుందో లెక్కపెట్టాలి. లెక్కపెట్టి తీసెయ్యాలి. తీసేసేదాకా ఆయన కూర్చోలేరు, నిలబడలేరు, చేతికిచ్చిన కాఫీ తాగలేరు.

తాళం సరుకు అన్న మాట ఆయన పుట్టించిందే. లినక్స్ అంటే కంప్యూటర్‌ని నడిపించే వ్యవస్థ, ఊరికే దొరుకుతుంది; అందులో ప్యాకేజీలని వేలకొద్దీ చిన్న ప్రోగ్రాంలుంటాయి. చాలావాటి లోపలి రాత అంతా బాహాటంగా ఉంటుంది. ఎవరైనా చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు, నలుగురికీ పంచిపెట్టొచ్చు. కొన్నిటికి మాత్రం చేసిన కంపెనీ తాళం వేసి ఉంచుతుంది. వాడుకో, లోపలికి తొంగిచూడకు అంటుంది. మెషీన్లో అలాంటివి ఎన్ని దూరాయో వెతికి జాబితా చెప్పే చిన్న ప్రోగ్రాం ఒకటుంది. డాక్టరు స్టెతస్కోపు వాడినట్టు నతానియేలు గారు దాన్ని వాడతారు.

మా కాలేజీ పటమటలో. ఆయన కంప్యూటర్ ల్యాబ్ ఇన్‌ఛార్జి, నేను ఇంగ్లీషు లెక్చరర్ని. నేను చేరిన వారానికే నా పాత ల్యాప్‌టాప్ మొరాయించింది. అది ఆన్ అయ్యేలోపు క్లాసు సగం అయిపోయేది. ఆయన దాంట్లో లినక్స్ ఎక్కించి గంటలో ప్రాణం పోశారు. నేను చేతులు జోడించాను. మర్నాడు పొద్దున స్టాఫ్ రూములో రిజిస్టరు మీద సంతకం పెడుతుంటే వెనకనుంచి ఆత్రంగా ఒక గొంతు.

“ఎన్ని?”

“ఏమిటండీ ఎన్ని?”

“నిన్న తొందర్లో చూళ్ళేదు. రాత్రంతా నిద్ర పట్టలేదండీ. ఇలా ఇవ్వండి.”

నిలబడే టకటకా ఏదో కొట్టారు. ముఖం వాడిపోయింది.

“రెండు వేల నూట నలభై ఎనిమిదిలో ఏడు. సున్నా పాయింట్ మూడు శాతం!”

“మా ఇంటికొచ్చే పాలల్లో నీళ్ళు అంత తక్కువుంటే మా ఆవిడ పాలవాడికి దణ్ణం పెడుతుందండీ,” అన్నాను.

ఆయన వినిపించుకోలేదు. ఏడింటినీ అక్కడికక్కడే పీకేశారు. అందులో ఒకటి వైఫైని నడిపించేది. ఇంటర్నెట్ ఠక్కున ఆగిపోయింది. నేను నోరు తెరిచేలోపే ఆయన చొక్కా జేబులోంచి చింతగింజంత వైఫై డాంగిల్ ఒకటి తీసి ల్యాప్‌టాప్ పక్కన గుచ్చారు. “దీని లోపలి రాతంతా బయటే ఉందండీ, హాయిగా వాడుకోండి,” అని వెళ్ళిపోయారు. ఆయన జేబులో అలాంటివి ఎప్పుడూ నాలుగైదు గలగలమంటుంటాయి.

“ఊరికే వస్తోంది కదండీ, తాళం ఉంటే మనకేంటి?” అని ఒకసారి అడిగాను. ఆయన వరండాలో ఆ చివరికి వెళ్ళి, ఈ చివరికి వచ్చి, మొదలుపెట్టారు.

“లక్ష్మీకాంత్ గారూ, నేను మీకు గోంగూర పచ్చడి ఇచ్చాననుకోండి. ఊరికే ఇచ్చా. కానీ ఎలా చేశానో అడక్కూడదు. పక్కింటివాళ్ళకి పెట్టకూడదు. ఉప్పు తక్కువైతే కలుపుకోకూడదు. తింటారా?”

“పచ్చడి బాగుంటే తింటానండీ.”

ఆయన నుదురు కొట్టుకున్నారు. “ఇంగ్లీషులో ఉచితానికీ స్వేచ్ఛకీ కలిపి ఒకటే మాట. తెలుగులో రెండున్నాయి. రెండుండీ మీకు తేడా తెలియట్లేదంటే ఇంక నేనేం చెప్పను!” అంటూ ఆ చివరికి వెళ్ళి మళ్ళీ రాలేదు.

ఆయనకి పలకరింపులు రావు. “బాగున్నారా” అనాల్సిన చోట “ఎన్ని?” అంటారు. మా ప్రిన్సిపాల్ గారికి జ్వరమొస్తే చూడ్డానికి ఇద్దరం వెళ్ళాం. దుప్పటి కప్పుకుని పడుకున్న ఆ మనిషి పక్కన బల్ల మీద ల్యాప్‌టాప్ ఉంది. నతానియేలు గారి చూపు దాని మీదే.

“ఎన్నండీ?” అన్నారు.

“నూట రెండు,” అన్నారు ప్రిన్సిపాల్ నీరసంగా.

“నూట రెండా! మొన్న సున్నా చేసి ఇచ్చాను కదండీ!”

ఆయన్ని బయటికి తీసుకురావడానికి నేను భుజం పట్టుకుని లాగాల్సి వచ్చింది.

వాళ్ళ చర్చిలో పాటలు తెర మీద చూపించే కంప్యూటరు ఉంది. ఒక ఆదివారం ఆరాధనకి పావుగంట ముందు ఈయన దాని తెరని నడిపే డ్రైవరు ప్రోగ్రాం తాళం సరుకని కనిపెట్టి తీసేశారు. అక్షరాలు గుమ్మడికాయలంత అయి కూర్చున్నాయి. తెరకి ఒక్క మాట పట్టింది. రెండు వందల మంది ఒక్కో మాట పాడి, తర్వాతి మాట వచ్చేదాకా నోరు తెరుచుకుని నిలబడ్డారు. మామూలుగా నాలుగు నిమిషాల్లో అయ్యే పాట ఆరోజు ఇరవై నిమిషాలు నడిచింది. పాస్టరు గారు ప్రసంగం కుదించుకున్నారు. దానికి జనం నతానియేలు గారికి లోలోపల కృతజ్ఞతలు చెప్పుకున్నారని విన్నాను.

అందరికంటే ఎక్కువ అవస్థ పడ్డది ఆయన భార్య అమలమ్మ గారు. ఆవిడకి కాలేజీ ఎదురుగా జిరాక్స్ షాపుంది. పరీక్షల రోజుల్లో, హాల్ టికెట్ల కోసం పిల్లలు రోడ్డు దాకా నిలబడి ఉండగా, ఈయన వెళ్ళి ప్రింటరు డ్రైవరు పీకేశారు. తాళం లేని డ్రైవరు దొరికేదాకా ప్రింటరు కాగితాలన్నీ తెల్లగానే బయటికి తోసింది. ఆ సాయంత్రం ఆవిడ కౌంటరుకి అడ్డంగా కుర్చీ వేసి, “మీరు ఈ గడప దాటి లోపలికొస్తే నేను మా పుట్టింటికి వెళ్తా. మా పుట్టిల్లు ఎక్కడో కాదు, పక్క సందులోనే. రోజూ కనపడతా. అది మీకే కష్టం,” అన్నారు.

ఇంత చేసినా అమలమ్మ గారు తప్ప ఆయన్ని గట్టిగా కోప్పడిన మనిషి లేడు. ఎందుకంటే చెడగొట్టింది ఏదైనా బాగుచేసేదాకా ఆయనకి అన్నం దిగదు. మూలపడ్డ కంప్యూటరు ఎవరిదైనా పిలవకుండానే వచ్చి బతికిస్తారు. “నేను ఎక్కించిన నలభై రెండు మెషీన్లలో ఒక్క చుక్క తాళం సరుకు లేదండీ,” అని చెప్పుకోవడం తప్ప వేరే ప్రతిఫలం అడగరు.

ఇదంతా మొన్న ఆగస్టులో ఒక శనివారం దాకా.

ఆరోజు పొద్దున ఎనిమిదిన్నరకి నేను జిరాక్సుల కోసం అమలమ్మ గారి షాపుకి వెళ్ళాను. నతానియేలు గారు బయట మెట్లు ఎక్కుతూ దిగుతూ ఫోనులో అరుస్తున్నారు.

“తీసేశావా? ఎందుకు తీసేశావమ్మా? ఒక్కటుంటే ఏమైంది? నేనన్నానా? నేనెప్పుడన్నాను!”

నా చెవుల్ని నేను నమ్మలేకపోయాను. ఒక్కటుంటే ఏమైంది అంటున్నది నతానియేలు గారు!

ఫోను పెట్టేసి నా చెయ్యి పట్టుకున్నారు. “దీవెనండీ. పదకొండున్నరకి ఇంటర్వ్యూ. మెషీను మూగబోయింది.”

దీవెన పామర్రు అమ్మాయి. మా కాలేజీలోనే డిగ్రీ చదివింది. చూపు లేదు. వినికిడి ఒక చెవికే, అదీ చెవి మెషీను పెట్టుకుంటేనే. ఆమె ల్యాప్‌టాప్ తెర మీద ఉన్నదాన్ని గొంతుగా మార్చి చదువుతుంది. ఆ గొంతు బ్లూటూత్ మీదుగా నేరుగా చెవి మెషీనులోకి వెళ్తుంది. అలా వింటూ ఆ అమ్మాయి నాకంటే రెట్టింపు వేగంతో టైపు చేస్తుంది. ఆ ఏర్పాటంతా నతానియేలు గారిదే. ఇప్పుడొక కంపెనీలో, చూపు లేనివాళ్ళు ప్రోగ్రాంలు సరిగ్గా వాడగలరో లేదో పరీక్షించే ఉద్యోగానికి పిలుపు వచ్చింది. ఇంటర్వ్యూ ఆ ల్యాప్‌టాప్ మీదే ఇవ్వాలి.

“నిన్న సాయంత్రం మన ప్రోగ్రాం తనే నడుపుకుందంట. ఒకటి ఉందని చెవిలో వినపడిందంట. నేను చూస్తే బాధపడతానని తీసేసింది. పొద్దున ఆన్ చేస్తే వైఫై లేదు, చెవిలో మాట లేదు.”

“ఆ ఒకటి అందులోకి ఎలా వచ్చిందండీ?”

ఆయన ఒక మెట్టు దిగి, మళ్ళీ ఎక్కి, గొంతు తగ్గించారు. “ఎలా వస్తుంది? నేనే పెట్టా.”

“మీరా!”

“రెండేళ్ళయిందండీ. మూడు రకాల డాంగిల్స్ పెట్టి చూశా. వైఫైకి సరిపోయాయి. చెవి మెషీనుకి మాత్రం మాట ముక్కలు ముక్కలుగా వెళ్ళేది. ‘నమస్కారం’ అంటే ‘న, కా’ అని వినిపిస్తోంది సార్ అని నవ్వేది ఆ పిల్ల. నవ్వేదండీ! నాకు నవ్వు రాలా. లోపలున్న వైఫై, బ్లూటూత్ చిప్పుకి తాళం సరుకు పెట్టిన రోజున మాట గంటలా మోగింది. వెళ్ళినప్పుడల్లా ఎన్ని సార్ అని అడుగుతుంది. సున్నా అని చెప్తున్నా.”

“అబద్ధమా?”

“అబద్ధమే. ప్రతి ఆదివారం ప్రార్థనలో ఒప్పుకుంటూనే ఉన్నా.”

దీవెన ఇంట్లో ఉన్నది బటన్ల ఫోను. నెట్టు పక్కింటి హనుమయ్య గారి వైఫై నుంచి వస్తుంది, ఆయనేమో వైఫై పెట్టె ఆన్‌లోనే ఉంచి, ఇల్లు తాళం వేసి గుడివాడ వెళ్ళారు, లోపలికెళ్ళి దానికి వైరు కలిపే దారి లేదు. కాబట్టి ఆ ప్యాకేజీని పెన్‌డ్రైవులో వేసుకుని మనిషి వెళ్ళాల్సిందే. నతానియేలు గారు ధైర్యం చేసి షాపు గడప దాటారు. అమలమ్మ గారు కుర్చీలోంచి లేచారు.

“ఏవండీ, ఏం చేస్తున్నారు?”

“డౌన్‌లోడ్ చేస్తున్నా.”

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని తెర వంక చూశారు. భర్త వంక చూశారు. తర్వాత అరచెయ్యి ఆయన నుదుటి మీద పెట్టారు.

“జ్వరం లేదే!”

“అమలా, దీవెన కోసం.”

ఆవిడ షాపులో ఉన్న రెండో పెన్‌డ్రైవు కూడా తీసి ఇచ్చారు. “ఇందులో కూడా వేసుకోండి. ఒకటి పని చెయ్యకపోతే?”

ఆటోనగర్ దగ్గర తొమ్మిదింటికి బస్సెక్కాం. నతానియేలు గారు చొక్కా జేబు మీద చెయ్యి వేసుకుని, సారా సీసా దాచుకున్నవాడిలా అటూ ఇటూ చూస్తున్నారు. కండక్టరు టికెట్టని చెయ్యి చాపితే ఉలిక్కిపడ్డారు. కంకిపాడులో ట్రాక్టరు అడ్డమొచ్చి బస్సు పది నిమిషాలు ఆగింది. ఈయన డ్రైవరు దగ్గరికి నాలుగుసార్లు వెళ్ళొచ్చారు. ఉయ్యూరులో డ్రైవరు టీకి దిగితే ఈయనా దిగి, బస్సు చుట్టూ మూడు ప్రదక్షిణలు చేశారు.

“కూర్చోండి మాస్టారూ, మీరు తిరిగితే బస్సు తొందరగా వెళ్తుందా?” అన్నాడు డ్రైవరు గ్లాసులో చూస్తూ.

“మీరు తాగేస్తే వెళ్తుంది!”

పదకొండుకి ఐదు నిమిషాలుండగా పామర్రులో దిగి పరుగులాంటి నడకతో వెళ్ళాం. దీవెన వాళ్ళమ్మ మార్త గుమ్మంలోనే నిలబడి ఉంది. దీవెన ల్యాప్‌టాప్ ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మేమింకా పలకరించనేలేదు.

“సార్ వచ్చేశారమ్మా,” అంది.

“ఎలా తెలిసింది?” అన్నాను చెవి దగ్గరగా వంగి.

“గచ్చు అదురుతోంది కదండీ.”

పెన్‌డ్రైవు గుచ్చారు. పాస్‌వర్డు దీవెన కొట్టింది. తాళం సరుకు లోపలికి వెళ్ళింది. మెషీను ఆపి మళ్ళీ ఆన్ చేశారు. వైఫై వచ్చింది. చెవి మెషీను మాత్రం కలవలేదు. పదకొండూ ఇరవై. నతానియేలు గారు బ్లూటూత్ ఆపారు, పెట్టారు, చెవి మెషీను బ్యాటరీ తీసి మళ్ళీ వేయించారు. మార్త కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతోంది.

దీవెన ముఖం ఒక్కసారిగా పైకి లేచింది. “వచ్చింది సార్. గంటలా ఉంది.”

మమ్మల్ని బయటికి పంపి తలుపు వేసుకుంది. ముప్పావుగంట మేం వసారాలో ఉన్నాం. అంటే నేను కూర్చున్నాను, ఆయన నడిచారు. మార్త ఇచ్చిన మజ్జిగ గ్లాసుతోనే అటూ ఇటూ తిరిగారు. మజ్జిగ సగం నేల తాగింది. లోపలినుంచి దీవెన ఇంగ్లీషు వినిపిస్తోంది. ఒకచోట క్రియ తప్పింది. ఇంగ్లీషు మాస్టారినైనా నాకు ఆరోజు అది తప్పనిపించలేదు.

తలుపు తెరుచుకుంది. “వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి చేరమన్నారు,” అంది. మార్త కూతుర్ని కావలించుకుంది. నతానియేలు గారు గోడ వైపు తిరిగి చాలాసేపు ముక్కు తుడుచుకున్నారు.

“సార్, ఇప్పుడు నిజం చెప్పండి,” అంది దీవెన. “ఎన్ని?”

“ఒకటి.”

“రెండేళ్ళనుంచీనా?”

“రెండేళ్ళనుంచీనమ్మా.”

“ముందే చెప్పుంటే తీసేసేదాన్ని కదా సార్!”

“అందుకే చెప్పలా.”

దీవెన చెవి మెషీను తడుముకుంది. తర్వాత, “అయితే ఆ ఒక్కటీ ఎప్పటికీ అలాగే ఉండాల్సిందేనా?” అంది.

“ఎందుకుంటుంది? ఆ చిప్పు చేసిన కంపెనీకి నెలకో ఉత్తరం రాస్తున్నా. మా పామర్రులో ఒకమ్మాయి దీంతోనే వింటోంది, తాళం తియ్యండి, రేపు మీరు దీన్ని మూలన పడేసినా మేం బాగుచేసుకుంటాం అని.”

“జవాబొచ్చిందా సార్?”

“ఇరవై నాలుగిటికి ఒకటొచ్చింది. మీ అభిప్రాయం మాకెంతో విలువైనది అని.”

దీవెన పకపకా నవ్వింది. ఆ నవ్వుకి మార్త కూడా, విషయం అర్థం కాకపోయినా, నవ్వేసింది.

తిరుగు బస్సులో సీటు దొరికింది. నతానియేలు గారు సంచిలోంచి తెల్లకాగితం, పెన్ను తీసి నా ఒళ్ళో పెట్టారు.

“ఇరవై ఐదోది మీరు రాయండి లక్ష్మీకాంత్ గారూ. నా ఇంగ్లీషు వాళ్ళకి అర్థం కావట్లేదేమో.”

“ఎలా ఉండాలండీ?”

“మర్యాదగా ఉండాలి. కానీ చదివినవాడికి కుర్చీలో కూర్చోబుద్ధి కాకూడదు.”

ఉయ్యూరు వచ్చేసరికి ఒక పేరా రాశాను. కంకిపాడులో ఆయన అది చదివి, మరీ మెత్తగా ఉందని కొట్టేయించారు. పెన్ను దులుపుకుని మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాను.