కంప హర్డిల్స్

మొన్న హిందూపురంలో మనవరాలి బడి మైదానం పక్కన సిమెంటు మెట్ల మీద కూర్చుని, ఆటల పోటీల కోసం అది చేస్తున్న హర్డిల్స్ ప్రాక్టీసు చూస్తున్నాను. మూడో హర్డిల్ మోకాలికి తగిలి ప్లాస్టిక్ పట్టీ ఊడి కిందపడితే పిల్ల వెనక్కైనా చూడకుండా పరిగెత్తింది గాని, నేను మాత్రం కూర్చున్నచోటే కాళ్ళు చీరలోకి ముడుచుకున్నాను. నా ఈడువాళ్ళు వింటే నవ్వుతారేమో, అరవై దాటినా ఆ భయం నా పిక్కల్లోంచి పోలేదు.

మాది సోమందేపల్లి దగ్గర మెట్ట ఊరు, నాయనకు గొర్రెలమంద. అన్న ధర్మవరంలో మగ్గం పనికి వెళ్ళిపోయాక మంద వెంట నడిచే మనిషి లేక, ఎనిమిదో తరగతితో నా చదువు మాన్పించాలనుకున్నాడు నాయన. అప్పుడు మా డ్రిల్లు సారు ఇంటికొచ్చి, పెనుకొండలో జరిగే హర్డిల్స్ సెలక్షన్లలో మొదటి ఇద్దరిలో నిలిస్తే హిందూపురం ఆటల హాస్టల్లో సీటు ఇప్పిస్తాననీ, తిండీ బట్టా వాళ్ళే చూసుకుంటారనీ చెప్పాడు. నాయన గడ్డం గీక్కుని సరేనన్నాడు, నిలవకపోతే మాత్రం మంద వెంటే పోవాలన్నాడు.

బడిలో హర్డిల్స్ ఉంటే కదా! సారు కర్రలు పాతి తాడు కడదామంటే నాయన ఒప్పుకోలేదు. "తాడుకు ఎవురు భయపడతారు సారూ? గొర్రె దొడ్లో నిలబడేది కంపకే. భయముంటేనే కాలు పైకి లేస్తాది" అని సర్కారు కంప కొట్టుకొచ్చి, మా చేను పక్క బీడులో నా మోకాలికి పైగా ఎనిమిది వరసలు వేశాడు. ఆ ముల్లు సంగతి మన సీమవాళ్ళకు నేను చెప్పాలా, చెప్పులోంచి దిగి అరికాల్లో విరిగే రకం. అవ్వ మాత్రం "ఆడబిడ్డ కాళ్ళురా అవి, మేక కాళ్ళు గాదు" అని కొడుకును రోజూ తిట్టుకుంటూ పిన్నీసు పట్టుకుని గుమ్మంలో కూర్చునేది. ఆ పిన్నీసుతో ఆమెకు ఒక్కరోజూ పనిపడలేదు.

ఎందుకంటే నేను తగిలితే కదా. తెల్లారి ఆ మొదటి వరస కనబడగానే కళ్ళు మూసుకోవాలనిపించేది, మూసుకుంటే దాంట్లోనే పడతానని మళ్ళీ ఇంకో భయం, ఆ భయంలో ప్రతి వరసనూ జానెడు ఎత్తు ఎక్కువే ఎగిరి దాటేదాన్ని. నాయన కంబళి కప్పుకుని అవతల నిలబడి తల ఊపేవాడు. గాల్లో ఉన్నంతసేపూ వెనకబడతావమ్మా, ఆనీ ఆననట్టు దాటాల అని సారు మొత్తుకునేవాడు. ఆయన మాట నా చెవులకెక్కింది గాని కాళ్ళకెక్కలేదు.

పెనుకొండలో కొండ కింది మైదానంలో నున్నటి చెక్క హర్డిల్స్ పెట్టారు. తగిలితే పడిపోతాది, నువ్వేం ఓడిపోవు అని సారు పదిసార్లు చెప్పాడు. విజిల్ మోగింది, నా కంటికి అవన్నీ కంపలే అయ్యాయి. పక్క గీతలో ధర్మవరం పిల్ల మూడింటిని పడగొట్టి మొదట చేరింది, నేను ఒక్కదాన్నీ తాకకుండా మూడోదాన్నయ్యాను. "మా పాప ఒగటీ తాకల్యా, ఆ పాప మూడు పడేసె, ఇదేం ఆటప్పా?" అని నాయన అక్కడి సార్లతో తగువు పెట్టుకుంటే అందరూ నవ్వారు. తిరుగు బస్సులో, ఏడిస్తే నాయన ఏమంటాడోనని నేను ఏడవలేదు.

మంద వెంట తిరగడం మొదలుపెట్టిన కొన్నాళ్ళకు గాలివానకు దొడ్డి కంచె ఒకచోట కూలితే, బీడులో ఉన్న కంప తెచ్చి పూడ్చమన్నాడు నాయన. బెదురుతూనే మొదటి వరస పైకొమ్మను రెండు వేళ్ళతో పట్టుకున్నాను. ముల్లు లేదు. పరుగున వెళ్ళి ఎనిమిది వరసలూ తడిమి చూశాను, పైకొమ్మలన్నీ కొడవలితో నున్నగా చెక్కి ఉన్నాయి.

"మొదటి దినమే చెక్కినా. నీ కాలికి దిగితే నేనెట్ల చూసేది?" అన్నాడు నాయన.

నాకు చెప్పింటే బాగుండు కదా నాయనా అని వెక్కివెక్కి ఏడ్చాను. "చెప్పింటే నీకు భయం యాడుంటాది పాపా" అన్నాడు గాని, అనేసి నా మొహం చూడలేక గొర్రెల వైపు తిరిగాడు. పై జూన్‌లో సగం మంద అమ్మేసి నన్ను మళ్ళీ బడిలో చేర్చాడు. హర్డిల్స్ జోలికి నేను పోలేదు.

ఇప్పుడా బీడంతా ఇళ్ళ ప్లాట్ల రాళ్ళు పాతారు, నాయనా లేడు. మనవరాలు చెమట తుడుచుకుంటూ వచ్చి, తగిలితే ఏమవుతాదవ్వా, అంత భయపడతాండావు అని నవ్వింది. ఈ పిల్లలకు ఆ భయం లేదు, చల్లగా ఉండనీ. నేను మాత్రం ఇప్పటికీ ఏ గడపనైనా జానెడు ఎత్తు ఎక్కువగానే కాలెత్తి దాటుతాను. ఆ ఎనిమిది వరసల్లో ఒక్కదాన్నైనా ఆనాడు తాకి ఉంటే, నన్ను భయపెట్టిన నాయన నాకంటే ఎక్కువగా భయపడుతున్నాడని అప్పుడే తెలిసేది.